వాకింగ్ అయ్యాక ఇంటిల్లిపాదీ జపనీస్ భోజనం: సూపు దగ్గర మాత్రం ఆగండి

హాయ్ అండీ, బాగున్నారా? ఈ చెమటలు చూస్తున్నారుగా, ఇప్పుడే కేబీఆర్ పార్కులో సాయంత్రం రౌండు అయింది. నేను, మావారు, పిల్లలిద్దరు, అత్తయ్యగారు. ఇక్కణ్ణుంచి తిన్నగా జూబ్లీహిల్స్‌లో జపనీస్ భోజనానికి. ఎలా తినాలో, ఏం అడగాలో చూపిస్తా, పదండి.

కారులో పొడి టీషర్టు మార్చుకోండి, ఓ సీసా నీళ్లు తాగండి. అంతే. తడి బట్టలతో ఏసీలో కూర్చుంటే తుమ్ములే.

సరే, కూర్చున్నాం. ఇదిగో, ఈ వేడి తువ్వాలు. ఓషిబోరి అంటారు. చేతులకండీ, చేతులకే. మొహానిక్కాదు. చూడండి, మావారు మెడ తుడిచేసుకుంటున్నారు... అయ్యో, వీడియో తీస్తున్నానండీ!

మొదట ఎడమామె చెప్పండి. లేత సోయా కాయలు, ఉడికించి ఉప్పు చల్లుతారు. మన ఉడకబెట్టిన పల్లికాయల్లా అన్నమాట. కాయ పెదాల మధ్య పెట్టి ఇలా నొక్కితే గింజ జారి వచ్చేస్తుంది, చూశారా? తొక్క తినకండి. చెమట కారాక ఆ ఉప్పు నాలుక్కి తగిలితే ఉంటుందీ... ఇంకో ప్లేటు చెప్పేస్తా ఉండండి.

ఇప్పుడు అసలు సంగతి. సూపు. ఇక్కడ కాస్త నెమ్మదిగా చెప్తా, ఎందుకంటే నేను బోల్తా పడింది ఇక్కడే. అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. మొదటిసారి వేరే చోటికి వెళ్లినప్పుడు "మిసో సూపు వెజ్జేనా?" అని అడిగా. మిసో అంటే పులియబెట్టిన సోయా ముద్దండీ. "టోఫు, సముద్రపు నాచు, అంతే మేడమ్" అన్నాడా అబ్బాయి. టోఫు అంటే సోయా పాల పన్నీరు. అత్తయ్య సగం గిన్నె తాగేశారు. బాగుందే అన్నారు కూడా. తర్వాత అగెదాషి టోఫు, అంటే వేయించిన టోఫు, వచ్చింది. దాని మీద పల్చటి పొరలు, చెక్క పొట్టులా, ఆవిరికి అటూ ఇటూ కదులుతున్నాయి. "ఏమిటే ఇవి, కదుల్తున్నాయి?" అన్నారు. అడిగితే ఎండబెట్టిన చేపట, చెక్కినట్టు తరిగి వేస్తారట. కత్సువొబుషి అంటారు. సూపుకి కాచిన నీళ్లూ దాంతోనే! అత్తయ్య ఏమీ అన్లేదు. గిన్నె పక్కకి జరిపారు, అంతే. ఇంటికెళ్లి తలస్నానం చేశారు.

అందుకని "వెజ్జా?" అని అడక్కండి. ముక్క కనపడకపోతే వెజ్ అనేస్తారు. "దాషి దేంతో కాచారు?" అని అడగండి. మళ్లీ చెప్తున్నా, దాషి. మన చారుకి కట్టు ఎలాగో, వాళ్లకి దాషి అలాగ. మామూలుగా కొంబు అనే నాచు, ఆ చేప కలిపి కాస్తారు. చేప లేకుండా ఉత్త కొంబుతోనో, ఎండు షిటాకే పుట్టగొడుగులతోనో కాచింది ఉంటే అదే తెమ్మనండి. లేదంటే సూపు మానేయండి. నూడుల్స్ పులుసుకీ ఇదే ప్రశ్న. నేనైతే ఈ ప్రశ్న ఫోన్ నోట్స్‌లో పైన పిన్ చేసి పెట్టుకున్నా.

అన్నట్టు, చేప లేకపోతే రుచి ఉండదనుకోకండి. 1908లో టోక్యోలో కికునాయె ఇకెడా అనే ప్రొఫెసర్ ఆ కొంబులోంచే గ్లుటమేట్ అనే రుచినిచ్చే పదార్థం తీసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. మన పండు టమాటాలోనూ ఉండేది అదే.

చాప్‌స్టిక్స్ త్వరగా చెప్పేస్తా. కిందిది కదలదు, పైదే కదులుతుంది. పిల్లలకా? ఆ పుల్లలొచ్చిన కాగితం చుట్టచుట్టి, రెండిటి మధ్యా పెట్టి, పైన రబ్బరు బ్యాండు. ఇలా. పట్టకారు తయార్! రబ్బరు బ్యాండు ఎప్పుడూ నా పర్సులో ఉంటుంది. ఒక్కటి, అన్నంలో నిలువుగా గుచ్చకండి. అక్కడ పోయినవాళ్లకి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. ఇది చెప్పగానే అత్తయ్యగారు బుడ్డోడి చేతిలోంచి పుల్లలు లాగేసుకున్నారు.

సుషీ అంటే అన్నం ముద్ద మీద చేప ముక్క. దాన్ని తిరగేసి, చేప వైపు సోయా సాస్‌లో అద్దండి. అన్నం వైపు అద్దితే విడిపోతుంది. వెజ్ వాళ్లకి కీరా రోలు. ఆ పచ్చ ముద్ద పుదీనా చట్నీ కాదు బాబోయ్, వసాబి! చాలాచోట్ల హార్స్‌రాడిష్ అనే ఘాటు వేరు, ఆవాలు కలిపిందే ఇస్తారు. ముక్కులోకి ఎక్కుతుంది. గోరంత చాలు.

ఆఁ, సూపు చెప్పాలిగా. ఒక్క నిమిషం, కెమెరా అటు తిప్పుతా. నేను నోరు తెరిచేలోపే అత్తయ్యగారు అడిగేస్తున్నారు, వినండి: "బాబూ, మీ దాషి దేంతో కాచారు నాయనా?"