వడ్డీ తగ్గితే ధరలు ఎటు?

సభకు నమస్కారం.

2010 ఆగస్టులో, అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్)లో భాగమైన మినియాపొలిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు అధ్యక్షుడు నారాయణ కొచ్చర్లకోట ఒక ప్రసంగం చేశారు. ఇంటిపేరు వినగానే మనవాడే అనుకుంటాం కానీ, ఆయన పుట్టింది అమెరికాలోనే. వడ్డీ రేటును ఏళ్ల తరబడి సున్నా దగ్గరే ఉంచితే చివరికి ప్రతిద్రవ్యోల్బణం వస్తుందని, అంటే ధరలు ఏటేటా తగ్గుతూ పోతాయని ఆయన అన్నారు. డబ్బు చౌకైతే ధరలు పెరుగుతాయని పాఠాలు చెప్పేవారంతా ఉలిక్కిపడ్డారు.

ఆ లెక్క అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ నాటిది. వడ్డీలో రెండు పాళ్లు ఉంటాయి: నికర రాబడి, ధరల పెరుగుదలకు పరిహారం. నికర రాబడిని కేంద్ర బ్యాంకు ఎల్లకాలం శాసించలేదు. అది 2 శాతం ఉండి, వడ్డీ సున్నా అయితే, ధరలు 2 శాతం తగ్గితేనే లెక్క కుదురుతుంది.

కూడికలో తప్పు లేదు. అయితే ఏది ముందు, ఏది వెనుక అన్నది కూడిక చెప్పదు. జపాన్‌లో వడ్డీ తక్కువగా ఉందంటే డబ్బు ధారాళంగా ఉన్నట్టు కాదు, అంతకు ముందు బిగబట్టినట్టు అని ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1997లోనే రాశారు. కొచ్చర్లకోట కూడా తర్వాత దారి మార్చుకున్నారు. నిరుద్యోగం 5.5 శాతం కన్నా తగ్గేదాకా వడ్డీ పెంచవద్దని 2012లో వాదించింది ఆయనే!

వడ్డీ తగ్గిస్తే ధరలు తగ్గుతాయన్న వాదాన్ని ప్రజల మీద ప్రయోగించి చూసిన దేశం తుర్కియే. అధిక వడ్డీయే ధరలను పెంచుతుందని అధ్యక్షుడు ఎర్దోవాన్ గట్టి నమ్మకం. రెండేళ్లు తిరగకుండా ముగ్గురు కేంద్ర బ్యాంకు గవర్నర్లను తప్పించారు. 2021 సెప్టెంబరులో 19 శాతం ఉన్న రేటు డిసెంబరుకు 14కు దిగింది. ఆ దేశ కరెన్సీ లీరా కుప్పకూలింది, దిగుమతుల ఖర్చు మండిపోయింది. 2022 అక్టోబరులో ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. అదీ ప్రభుత్వం చెప్పిన అంకె. 2023 ఎన్నికలు ముగిశాక ఆ ప్రయోగానికి స్వస్తి చెప్పి, మరుసటి మార్చికి రేటును 50 శాతానికి చేర్చారు.

అలాగని చౌక డబ్బు ప్రతిసారీ ధరలను ఎగదోస్తుందనీ అనలేం. 2008కి ముందు ఫెడ్ ఆస్తులు సుమారు 90 వేల కోట్ల డాలర్లు, కొత్త డబ్బు సృష్టించి బాండ్లు కొనడంతో 2014 చివరికి 4.5 లక్షల కోట్లు. ద్రవ్యోల్బణం ముంచుకొస్తుందని 2010లో 20 మందికి పైగా ఆర్థికవేత్తలు, మదుపరులు నాటి ఫెడ్ ఛైర్మన్ బెర్నాంకేకు బహిరంగ లేఖ రాశారు. అది రానే లేదు. 2 శాతం లక్ష్యాన్ని అందుకోవడానికే ఫెడ్ ఏళ్ల తరబడి ఆపసోపాలు పడింది. ఎందుకంటే ఆ డబ్బులో అధిక భాగం బ్యాంకుల రిజర్వుల్లోనే, అంటే ఫెడ్ దగ్గర అవి ఉంచుకునే నిల్వల్లోనే కూర్చుంది. కుటుంబాలు పాత అప్పులు తీర్చుకునే పనిలో ఉన్నాయి, కొత్తవి అడిగేవారు తక్కువ.

2020లో ఫెడ్ మళ్లీ అదే చేసింది. ఈసారి ప్రభుత్వం ఇంటింటికీ చెక్కులు పంపింది, కర్మాగారాలేమో మూతపడి ఉన్నాయి. ఆపై ఉక్రెయిన్ యుద్ధంతో చమురు ధర ఎగసింది. 2022 జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం 9.1 శాతం. నా దృష్టిలో వడ్డీ రేటు ఒక్కదాన్నే పట్టుకుని జోస్యం చెప్పేవారిని, వారు ఏ పక్షం వారైనా సరే, ఆ డబ్బు ఎవరి చేతికి చేరిందని ముందుగా అడగాలి.

ఇక మీ ప్రశ్నలు. జపాన్ సంగతి సగంలో వదిలేశానని ఎవరో ఒకరు లేస్తారని తెలుసు, అడగండి.