ఎపిసోడ్ 23: టెలోమియర్లు (అనుకున్నాం)

అక్క: ఆ, రికార్డవుతోంది. 

తమ్ముడు: మొదలుపెట్టు.

అక్క: సరే, ముసలితనం కబుర్లలో ఇవాళ టెలోమియర్లు. ల్యాబ్ డిష్‌లో పెంచే మామూలు మనిషి కణాలు ఓ 40 నుంచి 60 సార్లు చీలి ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ చూపించారు. చీలిన ప్రతిసారీ క్రోమోజోమ్ కొసలు కాస్త అరుగుతాయి, అవే ఇవి. వాటిని పొడిగించే టెలోమరేజ్ అనే ఎంజైమ్ మీద పనికి 2009లో నోబెల్. అయిపోయింది.

తమ్ముడు: అంతేనా! అదే సి. ఎలిగాన్స్ అనే చిన్న పురుగుల్లో అయితే...

అక్క: పురుగులు తర్వాత. నిన్న నీ ఫోటోలు చూశాను, నీలంగా ఉన్నవన్నీ ముసలి కణాలని, అంటే చీలడం ఆగిపోయినవని, రాసేశావేంటి?

తమ్ముడు: బీటా గాల్ స్టెయిన్, అదే ముసలి కణాల్ని నీలంగా చూపించే రంగు, పట్టింది కదక్కా.

అక్క: డిష్ ఏ ఇంక్యుబేటర్లో పెట్టావ్?

తమ్ముడు: ...మామూలు దాంట్లోనే.

అక్క: అంటే కార్బన్ డయాక్సైడ్ ఉన్నదాంట్లో! ఆ స్టెయిన్ పిహెచ్ 6 దగ్గర చేస్తేనే దానికి అర్థం. ఆ గ్యాస్ పిహెచ్‌ని కిందికి లాగుతుంది, 4 వైపు జారిందంటే కుర్ర కణాలూ నీలమే. నేనూ మొదటేడు ఇదే చేసి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే నీలం చూసి ఎగిరి గంతేశాలే.

తమ్ముడు: సరే, పిహెచ్ సరిచేస్తా. అప్పుడు నమ్ముతావా?

అక్క: నమ్మను. డిష్‌లో ఇరుక్కుపోయేంత ఒత్తుగా పెరిగినా నీలం వస్తుంది. కణం చీలకుండా ఆపే ప్రోటీన్లున్నాయిగా, పి16 చూడు, పి21 చూడు, అసలు డీఎన్ఏ కాపీ చేసుకుంటోందా లేదా చూడు.

తమ్ముడు: ఇన్ని చూసేలోపు నేను ముసలాణ్ణవుతా. అందుకే పురుగులంటాను, జన్యువు మార్చని మామూలువి రెండు మూడు వారాల్లో పోతాయి. 1993లో సింథియా కెన్యన్ అనే శాస్త్రవేత్త వాళ్లు డాఫ్-2 ఒక్క జన్యువు మారిస్తే ఆయుష్షు రెట్టింపైందని చూపించారు! ప్లాటినం తీగతో పొడుస్తావ్, కదల్లేదా, పోయిందని రాసుకుంటావ్.

అక్క: డిష్ గోడెక్కి ఎండిపోయినవో?

తమ్ముడు: అవి చావుల్లో కలపం, వేరే గడిలో రాస్తాం.

అక్క: (నిట్టూర్పు) నా ఎలుకలకి ఇప్పుడు ఇరవై నెలలు. ముసలివి అనిపించుకోవాలంటే ఇంకో నాలుగు నెలలు పెంచాలి. నిన్న ఒకదానికి గడ్డ కనిపించింది. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా దాన్ని.

తమ్ముడు: ఏది, చెవికి నొక్కు ఉన్నదా?

అక్క: అదే.

తమ్ముడు: అయ్యో అక్కా.

అక్క: ఏమీ అనకు. ముఖ్యంగా ఆ మాట అన్నావంటే లేచిపోతా.

తమ్ముడు: ...పురుగులు.

(కుర్చీ జరిగిన చప్పుడు)