డప్పు కాగేదాకా

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే ముగ్గురు చదివారు. నేను మళ్ళీ చదవను, అందరికీ కలిపి ఒకటే దండం. కింద చాపల మీద కూర్చున్న పిల్లలకు ఇంకో దండం.

ఆహ్వాన పత్రికలో నా అంశం ‘జానపద సంగీతం – ఆధునిక పోకడలు’ అని వేశారు. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. పొద్దున బస్సులో చదువుకుంటే అందులో అన్నీ ఉన్నాయి, నేను చెప్పాల్సిన మనిషి ఒక్కడే లేడు. అందుకని మా బ్యాండ్ ఒక్క పాట ఎలా చేసిందో చెప్తాను. మీలో కొందరు పెళ్ళి బరాతుల్లో దానికి ఎగిరే ఉంటారు. ‘మడిలోన నీళ్ళొచ్చె మరదాలా, మన ఊరి కొంగొచ్చె మరదాలా’.

ఆ పల్లవి మా మేనత్త నోట విన్నది. ఆమె వాళ్ళమ్మ నోట విన్నది. జనగామ దగ్గర మా ఊళ్ళో నాట్లప్పుడు ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్ళు ‘మరదాలా’ దగ్గర అందుకునేవారు. నాటేవాళ్ళను మీరు చూసే ఉంటారు. నడుం వంచి, వెనక్కి అడుగేస్తూ, బురదలో చెయ్యి ముంచి తీస్తూ పాడాలి. ఊపిరి ఎక్కువసేపు నిలవదు. అందుకే ఆ చరణాలు అంత పొట్టివి. ఈ సంగతి మాకు పాట చేస్తున్నప్పుడు తెలియదు. మా సింగర్ మైకు ముందు హాయిగా నిలబడి ‘మరదాలా’ని సాగదీసి పాడింది, బాగా లేదు. ఎందుకు బాగా లేదో తేలక రెండు రోజులు పోయాయి. మేనత్తకు ఫోన్‌లో వినిపిస్తే, “గంతసేపు గుంజితే నారు ఎండిపోదారా?” అంది. ఆ మాటతో దారి దొరికింది.

పల్లె పాట మైకు ముందుకు రావడం మాతో మొదలైంది కాదు. వింజమూరి సీతా అనసూయలు మద్రాసు రేడియోలో జానపదాలు పాడారు. బిరుదురాజు రామరాజు గారు 1950లలో ఉస్మానియాలో తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేశారు. వాళ్ళ గురించి నా రెండో పేజీలో ఉంది. మీ లైబ్రరీలో పుస్తకాలున్నాయి, చదవండి. నేను డప్పు దగ్గరికి పోవాలి.

మేం ఐదుగురం. గిటార్, బేస్, కీబోర్డు, డ్రమ్స్, పాడే అమ్మాయి. తిశ్ర నడకలో, అంటే మూడేసి దెబ్బల లెక్కన, హుషారుగా, వినగానే కాలు కదిలేలా పాట కట్టాలనుకున్నాం. డప్పు మొదట కీబోర్డులోంచి తీసుకున్నాం. ఎవరో ఎక్కడో వాయించిన నాలుగు దెబ్బల ముక్క ఉంటుంది, దాన్నే పాట పొడుగునా తిప్పడం. పాట తయారైంది. అందరికీ నచ్చింది. మా మేనత్తకు పంపితే, “మంచిగనే ఉంది గని, ఊరు లేదు” అంది.

అప్పుడు మా ఊరి నుంచి కాకను పిలిపించాం. ఆయన పేరు ఇక్కడ చెప్పొద్దన్నాడు, కాక అనే చెప్తాను. అరవై దగ్గర పడ్డ మనిషి. పన్నెండేళ్ళప్పుడు సిర్ర పట్టాడు. సిర్ర అంటే కుడిచేతి లావు కర్ర, ఎడమచేతిలోది చిటికెన పుల్ల. చెక్క వలయం మీద మేకతోలు సాగదీసి, చింతగింజల జిగురుతో అంటించి, తన డప్పు తానే కట్టుకుంటాడు.

ఆగస్టు, బయట ముసురు, స్టూడియోలో ఏసీ. కాక రెండు దెబ్బలు వేసి ఆపేశాడు. “బిడ్డా, తోలు సల్లబడ్డది. జర నిప్పు సూపియ్యాలె.” మూడో అంతస్తులో నిప్పు ఎక్కడ దొరుకుతుంది? కింద పార్కింగ్‌లో పాత పేపర్లు, అట్టపెట్టె ముక్కలు వేసి అంటించాం. వాచ్‌మన్ కేకలేసుకుంటూ వచ్చాడు. వచ్చినవాడు డప్పును చూశాడు. మా ముఖాలు చూశాడు. ఏమీ అనకుండా వెళ్ళి రెండు కొబ్బరి మట్టలు ఈడ్చుకొచ్చాడు. కాక డప్పును మంట మీద తిప్పుతూ, మధ్యమధ్య వేలి గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. డబ్ డబ్ మన్నది కాస్తా మెల్లగా ఖంగుమనడం మొదలైంది. ఆ శబ్దం మారుతుంటే మా డ్రమ్మర్ మంట పక్కన గొంతుక్కూర్చున్నాడు. పదేళ్ళుగా డ్రమ్స్ వాయిస్తున్నవాడు, వాద్యాన్ని నిప్పుతో శ్రుతి చేయడం అప్పుడే చూశాడు.

పరుగున పైకి వచ్చాం. కాగిన తోలు చల్లబడేలోపు, అంటే ఒకటి రెండు టేకుల్లో అయిపోవాలి. కాక చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, టిక్కు టిక్కుమని క్లిక్ వినిపించి, దానికి సరిగ్గా వాయించమన్నాం. వాయించాడు. ఒక్క దెబ్బ తప్పలేదు, కానీ పాట చచ్చిపోయింది. మళ్ళీ కిందికి, మళ్ళీ మంట. మూడోసారి కాకే హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, “గా అమ్మాయిని నా ముంగట నిలవెట్టు, ఆమె మొకం సూసి కొడ్త” అన్నాడు. పాట మొదట్లో నిమిషానికి 112 దెబ్బలున్న నడక చివరికొచ్చేసరికి 120 దాటింది. మామూలుగా అయితే రికార్డింగులో దాన్ని తప్పంటారు. మేం క్లిక్ కట్టేశాం. డప్పునే మొదట రికార్డు చేసి, మిగతా అందరం దాని వెనక నడిచాం.

ఇంకో ఇబ్బంది వచ్చింది. కాగిన డప్పులో ఒక మోత ఉంటుంది. అది మా బేస్ గిటార్‌తో గొడవ పడింది. దాన్ని దించుదామంటే తోలు చల్లబడాలి. అందుకని పాటనే అర స్వరం పైకి ఎత్తాం. నేను గిటార్‌కి కాపో, అంటే తీగల్ని నొక్కిపట్టి శ్రుతి పెంచే క్లిప్పు, బిగించాను, మా సింగర్ గొంతు ఇంకాస్త పైకి పోయింది. మీరందరూ ఆ పాటలో ఉందనే హుషారు అక్కడ పుట్టింది. మంట వల్ల పుట్టింది.

ఇక ఇప్పుడు నేను వచ్చిన పని. పాట విడుదలైంది. విడుదల చేసిన కంపెనీ వేసిన వివరాల్లో గిటార్ పేరుంది, మిక్సింగ్ పేరుంది, పోస్టర్ డిజైన్ పేరు కూడా ఉంది. డప్పు దగ్గర ‘ఇతరులు’ అని ఉంది. ‘ఇతరులు’! మేం అడిగితే సరిచేస్తామన్నారు, చేయలేదు. తప్పు వాళ్ళ మీదే వేయలేను. విడుదలకు ముందు ఆ జాబితా మాకు పంపారు. టెన్షన్‌లో ఉండి చదవకుండా ఓకే అని పెట్టింది నేను. కాక మనవరాలు ఫోన్‌లో వెతికి, “తాతా, నీ పేరు లేదేంది?” అని అడిగిందట. ఆయన నాతో ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, మా మేనత్త చెప్పింది.

ఒక్కసారి ఆలోచించండి. ఊరికి చాటింపు వేయాలంటే డప్పు కావాలి, చావుకు కావాలి, జాతరకు కావాలి. కొట్టే మనిషి మాత్రం పందిరి బయట నిలబడాలి. తరాలుగా జరిగింది ఇదే. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీదికి డప్పు సగర్వంగా ఎక్కింది. తీరా ఇప్పుడు మా పాటలో మళ్ళీ పందిరి బయటికి పోయింది, పేరు లేకుండా. ఇది నాకు నిద్ర పట్టనివ్వలేదు.

చట్టం కూడా ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో 38బి అనే సెక్షన్ వచ్చింది. వాయించిన వాడికి, పాడిన వాడికి ‘ఇది నేను వాయించింది’ అని తన పేరు అడిగే హక్కు ఇచ్చింది. రాసుకోండి, 38బి. నా మూడో పేజీలో పోకడలేవో ఉన్నాయి, అవి వదిలేస్తున్నాను.

మీలో ఫోన్‌లో పాటలు చేసేవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మీరు పాట పెట్టేటప్పుడు కింద డప్పు ఎవరిదో, పల్లవి ఏ ఊరిదో, ఎవరి నోట విన్నారో రాయండి. పేరు తెలియకపోతే పోయి అడగండి. మీ నాయనమ్మను అడగండి. ఈ రాత్రే అడగండి, వచ్చే ఏడాదికి ఉంటారో లేదో.

మా పాటను మేం మళ్ళీ సొంతంగా విడుదల చేశాం. అందులో కాక పేరు మొదట ఉంది, మా మేనత్త పేరు రెండోది. ఆ కాగితం ఆయనకు చూపిస్తే చాలాసేపు చూసి, మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

కాక ఇక్కడికి వచ్చాడు. మీ గ్రౌండ్‌లో గోడ పక్కన పొగ కనిపిస్తోంది కదా, అక్కడున్నాడు. గడ్డి తెచ్చిచ్చిన మీ అటెండర్ గారికి దండం. తోలు కాగడానికి ఇంకో పది నిమిషాలు పడుతుంది. ఈలోగా మీరు ‘మరదాలా’ అందుకోవడం నేర్చుకోవాలి. సాగదీయొద్దు, పొట్టిగా అనండి. ఆడపిల్లలు ముందు, మగపిల్లలు వెనక. మడిలోన నీళ్ళొచ్చె...