అంబాసిడర్ ఎస్‌యూ కార్బురేటర్: మిక్చర్ ఆఖరి పని

నమస్కారమండీ. పాత పెట్రోల్ అంబాసిడర్ సిగ్నల్ దగ్గర ఆగిపోతుంటే చాలామంది చెయ్యి ముందు ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్ కింద, మిక్చర్ (పెట్రోల్, గాలి పాళ్లు) మార్చే నట్టు మీదికే పోతుంది. నిజానికి దాన్ని అన్నిటికన్నా ఆఖర్న ముట్టుకోవాలి. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల గ్యాప్ 0.35–0.40 మి.మీ., ప్లగ్గుల గ్యాప్ 0.6 మి.మీ. ఉండాలి, టాపెట్లు (వాల్వుల సందు), టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం) కుదిరి ఉండాలి. ఇవి చూడకుండా మిక్చర్ తిప్పితే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది, పెట్రోల్ ఖర్చు మాత్రం పెరుగుతుంది.

తర్వాత గాలి లీకు చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర, థ్రాటిల్ స్పిండిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తిరిగే ఇరుసు) రెండు చివర్లా కార్బురేటర్ క్లీనర్ కొద్దిగా కొట్టండి. చప్పుడు మారితే లీకు అక్కడే. ఎగ్జాస్ట్ కూడా ఆ పక్కనే ఉంటుంది కాబట్టి వేడెక్కాక ఈ పని వద్దు. స్పిండిల్ అరిగి ఊగుతుంటే ఏ సెట్టింగూ నిలవదు.

ఇక కార్బురేటర్‌లోని పిస్టన్. ఎత్తి వదిలితే 'టక్' మని కింద పడాలి. ఎక్కడన్నా పట్టేస్తే పైగిన్నె లోపల తుడవండి. ఆ గోడలకు ఆయిల్ రాయకూడదు. అప్పటికీ పట్టేస్తే నీడిల్ (పిస్టన్ కింది సూది) వంగిందేమో, జెట్ (ఆ సూది దిగే పెట్రోల్ గొట్టం) మధ్యలో ఉందో లేదో చూడాలి. డ్యాష్‌పాట్‌లో (పిస్టన్ పైనుండే ఆయిల్ గొట్టంలో) ఎస్‌ఏఈ 20 ఆయిల్ పోయాలి. అందులోకి దిగే కడ్డీని, అంటే డ్యాంపర్‌ను, దింపుతుంటే, దాని మూత ఇంకా 6 మి.మీ. పైన ఉండగానే చేతికి బిగువు తగలాలి. ఆయిల్ తక్కువైతే యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడుతుంది.

ఇప్పుడు నట్టు. చోక్ పూర్తిగా లోపలికి నొక్కి, పిస్టన్ తీసి, జెట్ అంచు లోపలి వంతెనతో (పిస్టన్ కిందుండే గట్టుతో) సమానమయ్యేదాకా నట్టు పైకి తిప్పండి. అక్కణ్ణుంచి సరిగ్గా రెండు చుట్లు, అంటే ఆరు పలకల నట్టుకు పన్నెండు పలకలు, కిందికి దించండి. కిందికి దించితే పెట్రోల్ ఎక్కువ, పైకెత్తితే తక్కువ. నట్టు తిప్పిన ప్రతిసారీ జెట్‌ను వేలితో పైకి నొక్కాలి. అది దానంతటది నట్టుకు ఆనకపోవచ్చు. ఈ చిన్న పని మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

పిస్టన్ బిగించి, ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి, పక్కనున్న లిఫ్టింగ్ పిన్ మెల్లగా నొక్కండి. మొదట కొంచెం ఖాళీగా కదులుతుంది. పిస్టన్‌కు తగిలాక మరో 0.8 మి.మీ. చాలు. ఇంజిన్ స్పీడు పెరిగి అలాగే ఉంటే రిచ్ (పెట్రోల్ ఎక్కువ). క్షణం పెరిగి మామూలైతే సరిపోయినట్టు. వెంటనే పడిపోయినా, ఆగిపోయినా లీన్ (పెట్రోల్ తక్కువ). ఒక్కో పలక చొప్పునే మార్చాలి. మూడు నిమిషాలకోసారి 2500 ఆర్‌పీఎంలో అర నిమిషం నడపండి. లేకపోతే ప్లగ్గులు తడిసి రీడింగ్ మోసం చేస్తుంది.

ఐడిలింగ్ స్పీడు థ్రాటిల్ స్క్రూతో సుమారు 600–700 ఆర్‌పీఎం దగ్గర నిలపండి. స్పీడు మారితే పిన్ను పరీక్ష మళ్లీ చెయ్యాలి.

ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇ20 (20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్) సంగతి. మామూలు పెట్రోల్‌కు 14.7 పాళ్ల గాలి కావాలి, దీనికి 13.5 దగ్గర చాలు. అంటే పాత సెట్టింగ్ లీన్ అవుతుంది. ఐడిలింగ్ వరకు ఒకటి రెండు పలకలతో కుదురుతుంది. హైవే మీద వెనక్కి లాగుతుంటే మాత్రం నట్టు జోలికి పోకుండా, ఒక మెట్టు రిచ్ నీడిల్ వేయించండి. పాత రబ్బరు పైపులను కూడా ఇథనాల్ మెత్తబరుస్తుంది. నీడిల్‌తో పాటు వాటినీ మార్చేయండి.