జల్లెడ మీద మిగిలిన నేల

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో నోటు పుస్తకాలతో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. మృత్తికా దినోత్సవానికి నన్ను పిలిచినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఇంకా కొందరి పేర్లు చెప్పాలి గానీ, వారు నాకు దగ్గరివారే కాబట్టి క్షమిస్తారు. టైము తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ.

నాకిచ్చిన విషయం గులకరాళ్లతో నిండిన క్షార ఎడారి మేత భూములు, వాటి ధర్మాలు, వర్గీకరణ. ధర్మాలు ముందు, వర్గీకరణ తర్వాత చెప్పడం అలవాటు. నేను వర్గీకరణతో మొదలుపెడతాను. అమెరికా పశ్చిమ ఎడారుల్లో, నెవాడా నుంచి న్యూ మెక్సికో దాకా, కొండల పాదాల దగ్గర వాగులు తెచ్చి పోసిన ఒండ్రు వాలుల మీద ఇలాంటి నేలలు విస్తారంగా ఉన్నాయి. అలాంటి ఒక నేలకు అక్కడి పద్ధతిలో పూర్తి పేరు ఇలా ఉంటుంది: లోమీ-స్కెలిటల్, మిక్స్‌డ్, సూపరాక్టివ్, థర్మిక్, టిపిక్ హాప్లోకాల్సిడ్స్. భయపడకండి, ఒక్కొక్కటీ విప్పి చెబుతాను.

అమెరికా మృత్తికా శాస్త్రవేత్త గై స్మిత్ నాయకత్వంలో ఏళ్ల తరబడి సాగిన పని 1975లో ‘సాయిల్ టాక్సానమీ’ అనే నేలల వర్గీకరణ గ్రంథంగా వెలువడింది. ఇప్పుడు అందులో 12 క్రమాలు, అంటే అన్నిటికంటే పెద్ద వర్గాలు, ఉన్నాయి. ఎడారి నేలలు ప్రధానంగా అరిడిసాల్స్ అనే క్రమంలోకి వస్తాయి. వాన తక్కువ అన్న ఒక్క కారణంతో ఏ నేలనూ అందులో వేయరు. నేల లోపల తేమ ఎన్నాళ్లు ఉంటుందో చూస్తారు. అర మీటరు లోతున వేడి 5 డిగ్రీల సెల్సియస్ దాటి ఉన్న రోజుల్లో సగానికి పైగా నేల పూర్తిగా పొడిగా ఉండాలి. 8 డిగ్రీలు దాటిన కాలంలో వరసగా 90 రోజులు తేమ నిలవకూడదు. ‘కాల్సిడ్స్’ అంటే మీటరు లోపల సున్నం పేరుకున్న పొర ఉన్నవి. ఆ పొర కనీసం 15 సెంటీమీటర్ల మందం ఉండి, అందులో సాధారణంగా 15 శాతమైనా కాల్షియం కార్బొనేట్ ఉండాలి. ‘హాప్లో’ అంటే ఆ పొర ఇంకా బండలా గట్టిపడలేదని. ‘థర్మిక్’ అంటే నేల సగటు ఉష్ణోగ్రత 15 నుంచి 22 డిగ్రీల మధ్య ఉందని. ‘సూపరాక్టివ్’ అంటే ఉన్న కాస్త బంకమన్నూ పోషకాలను బాగా పట్టుకుంటుందని. ‘మిక్స్‌డ్’ అంటే ఖనిజాలు కలగలుపుగా ఉన్నాయని, అంతకంటే పెద్ద సంగతేమీ లేదు. ‘టిపిక్’ అంటే ఆ రకానికి మామూలు నమూనా అని.

మిగిలింది ‘లోమీ-స్కెలిటల్’. లోమ్ అంటే ఇసుక, సన్న ఒండ్రు, బంకమన్ను కలిసిన మట్టి, స్కెలిటల్ అంటే రాళ్లతో నిండినది. నేను ఇవాళ మాట్లాడాలనుకున్నది దాని గురించే.

స్కెలిటల్ అనిపించుకోవాలంటే నేల ఘనపరిమాణంలో 35 శాతం, అంతకంటే ఎక్కువ రాతిముక్కలు ఉండాలి. రాతిముక్క అంటే 2 మిల్లీమీటర్ల కంటే పెద్దది. 2 నుంచి 75 మిల్లీమీటర్ల దాకా గులకరాళ్లు, ఆ పైన గుండురాళ్లు, పెద్ద రాళ్లు. లెక్క చూసే లోతు కూడా ముఖ్యం. ఇలాంటి నేలలో 25 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా చూస్తారు. పైన పరుచుకున్న రాళ్లను చూసి పేరు పెట్టడానికి లేదు. గుంట తవ్వాలి, గుంటలోకి దిగాలి, గోడను కత్తితో గీకి చూడాలి.

ఇప్పుడు ల్యాబులో ఏం జరుగుతుంది? మీలో ల్యాబులో పనిచేసినవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మట్టి సంచి రాగానే మొదట ఆరబెడతాం, నలగ్గొడతాం, 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతాం. కింద పడిన సన్నమట్టికి పరీక్షలన్నీ చేస్తాం. జల్లెడ మీద మిగిలినదాన్ని? నిజం చెప్పండి. చెత్తబుట్టలో వేస్తాం. దాని బరువు రాసుకునేవాళ్లు ఎంతమంది? చేతులు కొన్నే కనిపిస్తున్నాయి. నా బాధ అదే.

బరువు రాసుకున్నా పని అయిపోదు. సగం బరువు గులకరాళ్లే ఉన్న మట్టి తీసుకోండి. రాయి సాంద్రత 2.65, సన్నమట్టి సాంద్రత 1.4 అనుకుందాం. లెక్క కడితే ఘనపరిమాణంలో రాయి వాటా 34.6 శాతమే వస్తుంది. 35 గీతకు కొంచెం ఇవతల. తూకంలో సగం రాయే అయినా ఈ నేల స్కెలిటల్ కాదు. ఇందులోకి సంచిలో పట్టని గుండురాళ్లు ఇంకా చేరలేదు. అవి గుంట దగ్గరే ఉండిపోయాయి, వాటిని అక్కడే కంటితో అంచనా కట్టి రాయాలి. అవి కలిస్తే పేరు మారిపోతుంది. ల్యాబు రిపోర్టు చూసి నేలకు పేరు పెట్టేవారికి ఇదంతా తెలిసే దారే లేదు.

నేను స్లైడ్లు ఒక వరసలో పెట్టుకొచ్చాను. తర్వాత రావాల్సింది పీహెచ్, అంటే నేల ఆమ్లమో క్షారమో చెప్పే అంకె. దాన్ని కాసేపు ఆపి జరిగిన ఒక సంగతి చెబుతాను, చెప్పకుండా ముందుకు పోలేను.

ఆ ఎడారి మేత భూముల్లో ఒకచోట పచ్చిక పెంచాలని ఒక కార్యాలయం పథకం వేసింది. ల్యాబు రిపోర్టులో లోమ్ అని ఉంది. మీటరు లోతులో 150 మిల్లీమీటర్ల నీరు నిలుస్తుందని కట్టారు. రాళ్ల మాటే లేదు. నేల గుంటల్లో సగానికి సగం రాయి. రాయి నీళ్లు పట్టదు కాబట్టి ఆ 150 నిజానికి 75. ఉన్న పొదలను పెకలించారు, యంత్రంతో దున్నారు, గడ్డి విత్తనం చల్లారు. మొలక వచ్చింది, మొదటి వేసవికే మాడిపోయింది. నేను ముందే రాతపూర్వకంగా చెప్పాను, గులకరాళ్ల లెక్క కలపండి అని. నాకు వచ్చిన జవాబు: “రాళ్లు నేల కాదు కదా.” ఆ ఒక్క వాక్యం. పొదలు పోయాయి, గడ్డి రాలేదు, మిగిలింది ధూళి.

రాళ్లు నేల కాదట! వినండి. ఎడారిలో 20 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. రాళ్లు లేని లోమ్ నేల సెంటీమీటరుకు ఒకటిన్నర మిల్లీమీటర్ల నీరు పట్టుకుంటే, ఆ వాన 13 సెంటీమీటర్ల దాకా తడిపి ఆగిపోతుంది. ఆ తేమలో చాలా భాగాన్ని ఎండ లాగేస్తుంది. అదే నేలలో సగం రాయి ఉంటే తడి 26 సెంటీమీటర్ల దాకా దిగుతుంది. అక్కడికి ఎండ చేయి అంత సులువుగా చేరదు. ఎడారి జీవావరణ శాస్త్రవేత్త ఇమ్మాన్యుయెల్ నోయ్-మెయిర్ 1973లో రాసింది ఇదే. వాన బాగా కురిసేచోట బరువు నేలలు మేలు, వాన కరువైన చోట గరుకు నేలలు మేలు. కొండవాలు మీద క్రియోజోట్ పొద బతికేది ఈ లోతు తేమతోనే. అయితే అదే గులకరాయి మొలకకు శత్రువు. పైన 5 సెంటీమీటర్లలో నిలిచే నీరు సగమైపోతుంది, వేరు కిందికి దిగేలోపే పైమట్టి ఆరిపోతుంది. ఎదిగిన పొదకు మేలు చేసి లేత మొలకను చంపే నేల అది. దాన్ని చూడకుండా పొదను తీసి మొలకను పెట్టారు. విద్యార్థులారా, ఇది రాసుకోండి. రాయి శాతం తెలియకుండా నీటి లెక్క కట్టవద్దు. కర్బనం లెక్క కూడా. అర శాతం కర్బనం ఉన్న 30 సెంటీమీటర్ల మట్టికి హెక్టారుకు 21 టన్నులు అని కాగితం చెబుతుంది. సగం ఘనపరిమాణం రాయి అయితే ఉన్నది పదిన్నర టన్నులే.

ఇప్పుడు పీహెచ్‌కి వస్తాను. ఆ కథ రెండో భాగం ఇక్కడే ఉంది. గడ్డి చచ్చిపోయాక, రిపోర్టులో పీహెచ్ 8.2 కనబడింది. వెంటనే “నేల క్షారం, జిప్సం వేద్దాం” అన్నారు. క్షారత రెండు రకాలు. కాల్షియం కార్బొనేట్ ఉన్న నేలలో పీహెచ్ సుమారు 8.2, 8.4 దగ్గర నిలబడిపోతుంది. అది సున్నం పట్టి ఉంచే అంకె. వర్గీకరణలో 7.9 నుంచి 8.4 దాకా మధ్యస్థ క్షారత, 8.5 నుంచి 9.0 దాకా తీవ్ర క్షారత. 8.5 దాటితే సోడియం మీద అనుమానం రావాలి. మట్టి రేణువులు పట్టుకున్న ధాతువుల్లో సోడియం వాటా 15 శాతం దాటితే ఆ రేణువులు విడిపోయి నీరు దిగదు. అక్కడ జిప్సం మందు, అందులోని కాల్షియం సోడియాన్ని తోసేస్తుంది. కాల్షియం నిండిపోయిన నేలకు ఇంకా కాల్షియం ఎందుకు? గంధకం వేసి సున్నాన్ని కరిగిద్దామన్నవారూ ఉన్నారు. 15 శాతం సున్నం ఉన్న 15 సెంటీమీటర్ల పొరలో, రాళ్లు లేవనుకుంటే, హెక్టారుకు 315 టన్నుల సున్నం ఉంటుంది. దాన్ని పోగొట్టాలంటే సుమారు 100 టన్నుల గంధకం కావాలి. అలాంటి పని ఎవరు చేస్తారు, ఎందుకు చేయాలి? ఇనుము, జింకు, భాస్వరం అందడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ అక్కడి మొక్కలు ఆ నేలలోనే పుట్టి పెరిగినవి.

ఈ సున్నం కథ చదవాలన్నా మళ్లీ రాయి దగ్గరికే రావాలి. గాలిధూళితో, వానతో వచ్చిన కాల్షియం నీటితో కిందికి దిగుతుంది. ఆ నీరు గులకరాయి అడుగున వేలాడి, అక్కడే ఆరిపోయి, తెల్లటి పెంకు కడుతుంది. గుంట గోడ మీద పలుచని ఆమ్లం ఒక చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. న్యూ మెక్సికోలోని లాస్ క్రూసెస్ దగ్గర 1957 నుంచి 1972 దాకా నడిచిన ఎడారి ప్రాజెక్టులో లీలాండ్ గైల్, ఆయన సహచరులు దీన్ని దశలుగా విడదీశారు. మొదట రాళ్లకు పలుచని పూత. తర్వాత మందపు పూత, రాళ్ల మధ్య అక్కడక్కడ సున్నం. మూడో దశలో సందులన్నీ పూడుకుపోతాయి. నాలుగో దశలో ఆ పైన పొరలు పొరలుగా సున్నపు పలక. రాళ్లున్న నేలలో నింపాల్సిన ఖాళీ తక్కువ కాబట్టి ఈ దశలు రాళ్లు లేని నేలకంటే త్వరగా వస్తాయి. అంటే నేల వయసు అంచనా కట్టడానికీ రాయి శాతం కావాలి. ఆ పెంకులు ఎక్కడికి పోతాయి? జల్లెడ మీద మిగిలి, రాళ్లతో పాటు చెత్తబుట్టలోకి.

ఇంకొకటి. పెంకు మామూలుగా రాయి అడుగునే ఎక్కువ కడుతుంది. తెల్లటి వైపు పైకి తిరిగి ఉన్న రాయి కనబడితే, దాన్ని ఏదో తిరగేసిందని అర్థం. జంతువు తవ్వి ఉండవచ్చు, యంత్రం తిప్పి ఉండవచ్చు. నేను చెప్పిన ఆ పథకం పొలంలో యంత్రం పోయిన వరస పొడవునా తెల్లటి రాళ్లే పైకి చూస్తున్నాయి.

పైన పరుచుకున్న రాళ్ల పరుపు గురించి రెండు మాటలు. గాలి సన్నమట్టిని ఎగరేసుకుపోతే రాళ్లు మిగిలాయని చాలాకాలం నమ్మారు. మొహావీ ఎడారిలోని సీమా అగ్నిపర్వత క్షేత్రంలో 1980లలో జరిగిన పరిశీలనలు వేరే మాట చెప్పాయి. గాలి తెచ్చిన ధూళి రాళ్ల సందుల్లోంచి కిందికి జారి పేరుకుంటుంది, రాళ్లు దాని మీద తేలుతూ పైనే ఉంటాయి. ఆ ధూళి పొర నిండా చిన్న చిన్న గాలి బుడగల రంధ్రాలు. రాళ్లు కదలనంతకాలం ధూళి లేవదు. అమెరికా సేనాని జనరల్ పాటన్ 1942లో అదే ఎడారిలో ట్యాంకుల శిక్షణ మొదలుపెట్టాడు, 1944లో అది ముగిసింది. ఆ ట్యాంకుల జాడలు ఇప్పటికీ నేల మీద కనిపిస్తాయి. ఒక్కసారి బండి తోలడానికి నిమిషం చాలు, ఆ పరుపు మళ్లీ కుదురుకోవడానికి మనుషుల జీవితకాలాలు చాలవు.

అధ్యక్షులవారు టైము చూపిస్తున్నారు, ముగిస్తున్నాను. అడిగేది ఇంతే. మీ ల్యాబు రిపోర్టు ఫారంలో ఒక గడి చేర్చండి: 2 మిల్లీమీటర్ల పైన మిగిలిన రాయి బరువు. దాని పక్కనే ఇంకో గడి: గుంట దగ్గర అంచనా కట్టిన ఘనపరిమాణం, అంచనా కట్టినవారి సంతకంతో. ఆ రెండు గడులూ ఖాళీగా ఉన్న రిపోర్టు మీద నీటి లెక్క, కర్బనం లెక్క, పేరు ఏదీ రాయనని ఇక్కడున్న ప్రతి విద్యార్థీ ఈ సాయంత్రమే తమ గైడుకు చెప్పండి. ఫారం నమూనా ఒకటి తయారుచేసి తెచ్చాను, తలుపు దగ్గర బల్ల మీద ఉంది. తీసుకెళ్లండి.