ఇంటర్‌కామ్ పలకకపోతే ముందు వైరును అడగండి

(విశ్వకర్మ పూజ నాడు ఒడిశాలోని బరంపురంలో తెలుగు వైరింగ్ మేస్త్రీల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పెద్దలను పేరుపేరునా తలుచుకుంటూ కూర్చుంటే భోగం ప్రసాదం చల్లారిపోతుంది, ఆ ముక్క ఇక్కడితో ఆపేస్తున్నాను. ఇవాళ పనిముట్లకు పసుపు కుంకుమ పెట్టాం. వాటిలో మల్టీమీటర్ కూడా ఉంది. దాన్ని బయటికి తీయమని అడగడానికే మైకు పట్టుకున్నాను.

గేటు దగ్గర ఇంటర్‌కామ్ బటన్ నొక్కుతారు, పైన ఫ్లాట్‌లో మోగదు. మోగితే బొమ్మ రాదు. మనం చేసేదేమిటి? "నెట్ పోయిందండీ" అంటాం, లేదా పిన్ను గుచ్చి రీసెట్ కొడతాం. అన్నలారా, ఆ ఒక్క నొక్కుడుతో ఫ్లాట్ల నంబర్లు, ఐపీ అనే నెట్‌వర్క్ చిరునామా, పాస్‌వర్డ్ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

వైరు, ఐపీ, యాప్ అని మూడు మాటలు చీటీ మీద రాసుకొచ్చాను. ముందు వైరు.

చవగ్గా వచ్చే కొన్ని క్యాట్ 6 నెట్ వైరు పెట్టెల్లో ఉండేది రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత. సీసీఏ అంటారు. పెట్టె మీద చిన్న అక్షరాల్లో వేస్తారు, ఒక్కోసారి అదీ వేయరు. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. అటూ ఇటూ వంచితే పుటుక్కున విరుగుతుంది. ఇంకా నమ్మకం కుదరకపోతే పవర్ తీసేసి, రెండు చివర్లా జాక్‌లు పీకి, అవతలి చివర ఒక జత తీగలు కలిపి మెలిపెట్టండి. ఇవతల మీటర్ పెట్టండి. 50 మీటర్ల వైరులో మంచి రాగి అయితే 9 ఓమ్‌ల లోపే చూపిస్తుంది. 9 దాటి 13 వైపు పోయిందా, సీసీఏ అని అనుమానించండి.

"నాలుగు ఓమ్‌లకే ఇంత గోలా?" అని ఆ వెనక నవ్వుతున్నారు. లెక్క వినండి. పీఓఈ స్విచ్, అంటే నెట్ వైరులోనే కరెంటు కూడా ఇచ్చే పెట్టె, 48 వోల్టులు పంపుతుంది, ఇంటర్‌కామ్ 7 వాట్లు తింటే కరెంటు 0.15 ఆంపియర్. అంత తక్కువ కరెంటుకు వైరులో పోయేది ఒక వోల్టు లోపే. కానీ మనవాళ్లు పీఓఈ లేకుండా అదే వైరులో మిగిలిన రెండు జతలకు 12 వోల్టుల అడాప్టర్ కలిపి, ఇంటర్‌కామ్‌తో పాటు తలుపు లాక్ కూడా దాని మీదే నడుపుతున్నారు. ఒక జత ప్లస్, ఒక జత మైనస్ కాబట్టి ఇందాకటి ఓమ్‌లు సగమవుతాయి. లాక్ ఒక్కటే ఒక ఆంపియర్ లాగిందనుకోండి. 50 మీటర్ల రాగిలో 4 వోల్టులు పోతాయి, అవతల మిగిలేది 8. సీసీఏలో ఆరుకు పైగా పోతాయి, మిగిలేది 6 కంటే తక్కువ. తలుపు తీయగానే ఇంటర్‌కామ్ ఆరిపోయి మళ్లీ వెలుగుతుందే, అది ఇందుకే! ఓనరు వస్తువు పాడైందని కంపెనీని తిడతాడు, తర్వాత మనల్ని తిడతాడు. వైరు అమ్మినవాడు హాయిగా ఉంటాడు.

లాక్‌కు తలుపు దగ్గరే విడిగా అడాప్టర్ పెట్టండి. ఇంటర్‌కామ్ రిలేను స్విచ్‌లా మాత్రమే వాడండి. డీసీ లాక్ అయితే దాని రెండు కొనల మధ్య 1ఎన్4007 డయోడ్ వేయండి, వెండి గీత ప్లస్ వైపు. ఏసీ లాక్‌కు డయోడ్ వేయకూడదు. లాక్ ఆగిన క్షణంలో కాయిల్ ఎదురు తన్నే వోల్టేజీయే చాలా రిలేలను తినేస్తుంది.

ఇంకో మాట. గోపాల్‌పూర్ సముద్రం మనకు ఎంతో దూరం లేదు. గేటు దగ్గర జాక్‌లో పచ్చగా చిలుము పట్టిందంటే తుడిచి మళ్లీ గుచ్చకండి, కోసి కొత్తది క్రింప్ చేయండి. వైరు పెట్టెలోకి కింది నుంచే రావాలి, రాకముందు ఒక వంపు కిందికి వేలాడాలి. వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

మళ్లీ పీఓఈ దగ్గరికి. 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణం పోర్టు ఇచ్చేది 15.4 వాట్లు, వస్తువుకు గ్యారంటీగా చేరేది 12.95. వస్తువును అడగకుండానే కరెంటు తోసే 24 వోల్టుల ప్యాసివ్ ఇంజెక్టర్‌తో ఆ ప్రమాణం వస్తువు లేవదు. స్విచ్ నుంచి 100 మీటర్లు దాటకూడదు.

చూశారా, సగం టైము వైరే తినేసింది. మిగతావి గబగబా చెబుతాను.

ఇంటర్‌కామ్ ఐపీ 169.254తో మొదలైతే రౌటర్ దానికి చిరునామా ఇవ్వలేదన్నమాట; మళ్లీ వైరు, స్విచ్ చూడండి. అప్పుడప్పుడు పలికి అప్పుడప్పుడు మూగబోతే ఇంటర్‌కామ్ వైరు పీకేసి దాని ఐపీకి పింగ్ కొట్టండి, అంటే ఆ చిరునామాలో ఎవరైనా పలుకుతారేమో పిలిచి చూడండి. అయినా జవాబు వస్తే అదే నంబరు మీద ఇంకో కెమెరానో ప్రింటరో కూర్చుంది. రౌటర్‌లో ఆ ఐపీని ఇంటర్‌కామ్‌కే రిజర్వ్ చేయండి. మాట ఒకవైపే వినిపిస్తుంటే రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ ఆపి చూడండి, నెట్ మీద వెళ్లే కాల్స్‌లో అది వేలు పెట్టే సెట్టింగు.

యాప్ సంగతి. ఇంట్లో వైఫై మీద మోగి బయట మోగకపోతే వైరు జోలికి పోకండి, ఇంటర్నెట్ వైపు వెతకండి. ఫోన్ జేబులో ఉన్నప్పుడు మోగక, యాప్ తెరిస్తేనే మోగితే ఫోన్ బ్యాటరీ సేవర్ దాన్ని నిద్రపుచ్చింది. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు ఆంక్ష తీసేయండి.

రీసెట్ ఇవన్నీ అయ్యాకే, అదీ సెట్టింగులన్నీ ఫోటో తీసుకున్నాక.

ఆ బల్ల మీద రెండు వైరు ముక్కలు పెట్టాను, ఒకటి రాగి, ఒకటి సీసీఏ. ఏది ఏదో రాయలేదు. బ్లేడు పక్కనే ఉంది. గీకి చూసి, తర్వాత భోగానికి రండి.