137కీ 104కీ మధ్య

అందరికీ నమస్కారం. పిల్లలకంటే అమ్మానాన్నలే ఎక్కువమంది వచ్చినట్టున్నారు. ఒకందుకు మంచిదే, ఈ సాయంత్రం నేను మాట్లాడేది ఎక్కువగా టెన్నిస్‌లో డబ్బు గురించే. ఫోర్‌హ్యాండ్ గురించి మీ కోచ్‌లు నాకన్నా బాగా చెబుతారు. నేను టోర్నమెంట్లలో ఓ మూల బల్ల వేసుకుని రాకెట్లకు గట్టింగ్, అంటే తీగలు బిగించే పని, చేసేవాణ్ణి. ఎవరు గెలిచారో స్కోర్‌బోర్డు చూడకుండానే నాకు తెలిసిపోతుంది. ఎలాగో తర్వాత చెబుతాను.

మన ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేనినే తీసుకుందాం. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. అమెరికాలో అలబామా యూనివర్సిటీ జట్టుకు ఆడి, ఆ తర్వాత పూర్తిగా ప్రొఫెషనల్ ఆటలోకి దిగాడు. 2014లో ఇండోర్ నగరంలో చాలెంజర్ టోర్నీ, అంటే పెద్ద టోర్నీలకు ఒక మెట్టు కిందది, గెలిచాడు. 2015లో సింగిల్స్ ర్యాంకు 137 దాకా వెళ్లింది. మన దగ్గర ఎంసెట్‌లో, అదే ఇప్పటి ఈఏపీసెట్‌లో, 137 వస్తే కాలేజీవాళ్లు ఊరంతా ఫ్లెక్సీలు కడతారు. అదీ ఒక్క రాష్ట్రంలో. ఇది ప్రపంచం మొత్తం మీద 137. అయినా ఆ ర్యాంకుతో వింబుల్డన్, యూఎస్ ఓపెన్ లాంటి గ్రాండ్‌స్లామ్ టోర్నీల్లోకి నేరుగా రానివ్వరు.

లెక్క ఇదీ. మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, 128 మంది ఉంటారు. ర్యాంకు చూసి తీసుకునేది 104 మందిని. ఎనిమిది వైల్డ్ కార్డులు, అంటే నిర్వాహకులు తమకు నచ్చినవాళ్లకు ఇచ్చే చోట్లు. మిగతా 16 చోట్ల కోసం క్వాలిఫైయింగ్ అనే అర్హత పోటీలో ఇంకో 128 మంది కొట్టుకోవాలి, వరసగా మూడు మ్యాచ్‌లు గెలవాలి. 2016 యూఎస్ ఓపెన్‌లో సాకేత్ ఆ మూడూ గెలిచాడు. మెయిన్ డ్రా మొదటి రౌండ్‌లో చెక్ ఆటగాడు జిరి వెసెలీతో ఐదు సెట్లు ఆడాడు. కండరాలు పట్టేశాయి, చివరికి ఓడిపోయాడు. ఆ ఏడాది అక్కడ మొదటి రౌండ్‌లో ఓడినవాళ్లకు ఇచ్చింది 43,313 డాలర్లు.

ఇప్పుడు కింది మెట్టుకు రండి. మొత్తం ప్రైజ్ మనీ 15 వేల డాలర్లుండే ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నీలో ఐదు మ్యాచ్‌లు గెలిచి ట్రోఫీ ఎత్తినవాడికి 2,160 డాలర్లు. మొదటి రౌండ్‌లో ఓడితే 156. అంటే యూఎస్ ఓపెన్‌లో ఒక్క ఓటమి ఇక్కడ ఇరవై ట్రోఫీలతో సమానం! ఈ 156లోంచే పన్ను పోవాలి, హోటల్ గది, తిండి, వచ్చే వారం ఊరికి టికెట్, నా గట్టింగ్ కూలీ పోవాలి. అందుకే ఈ సర్క్యూట్‌లో కుర్రాళ్లు గదికి ముగ్గురు సర్దుకుంటారు, తీగ రీలు ఇంటినుంచే తెచ్చుకుంటారు.

సుమిత్ నాగల్ 2023లో దేశంలో నంబర్ వన్‌గా ఉండి కూడా, బ్యాంకు ఖాతాలో 900 యూరోలే మిగిలాయని బయటికే చెప్పాడు. ఒక్క కోచ్‌ను వెంటబెట్టుకుని తిరగడానికే ఏడాదికి 80 లక్షల నుంచి కోటి దాకా అవుతుందన్నాడు. ఆ ఏడాది అప్పటికి 24 టోర్నీలు ఆడి సంపాదించింది 65 లక్షల దాకా. అందులో పెద్ద చెక్కు ఎక్కడిదనుకున్నారు? యూఎస్ ఓపెన్ క్వాలిఫైయింగ్ మొదటి మ్యాచ్ ఓడినందుకు వచ్చిన 22 వేల డాలర్లు! నాలుగు నెలలు తిరక్కుండానే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫై అయి, సీడెడ్, అంటే పై ర్యాంకుల్లో ఉన్న, ఆటగాడు బుబ్లిక్‌ను ఓడించాడు. అలా రెండో రౌండ్‌కు చేరినందుకు 1,80,000 ఆస్ట్రేలియా డాలర్లు. మనిషి అతనే, ఆట అదే.

ర్యాంకును తేల్చే పాయింట్ల గొడవ ఇంకొకటి. ఇవాళ గెలిచినవి 52 వారాలే ఉంటాయి. పోయినేడు ఇదే వారం టైటిల్ కొట్టి, ఈ ఏడు మడమ బెణికి ఇంట్లో కూర్చుంటే, సోమవారం పొద్దున ర్యాంకు దానంతటదే జారిపోతుంది. పతకాలతో దానికి సంబంధం లేదు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సాకేత్ సానియా మీర్జాతో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, సనమ్ సింగ్‌తో పురుషుల డబుల్స్ రజతం తెచ్చాడు. ర్యాంకింగ్ పాయింట్లు సున్నా. ఆ పురుషుల ఫైనల్ గెలిచిన కొరియా జంటలో చుంగ్ హ్యోన్ ఉన్నాడు. ఆ స్వర్ణంతో అతనికి నిర్బంధ సైనిక సేవ తప్పింది. 2018లో జొకోవిచ్‌ను ఓడించి ఆస్ట్రేలియన్ ఓపెన్ సెమీస్‌కు వెళ్లాడు. ఎవరి పతకం ఎవరికెలా పనికొస్తుందో చూడండి.

డబుల్స్‌ను చిన్నచూపు చూడకండి. చెక్కు ఇద్దరూ పంచుకోవాల్సిందే, కానీ కెరీర్‌ను లాక్కొచ్చేది అదే. 2022లో యూకీ భాంబ్రీతో కలిసి సాకేత్ చాలెంజర్ డబుల్స్ టైటిళ్లు కొట్టాడు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్ రామనాథన్‌తో మళ్లీ రజతం, 36వ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు.

2024 నుంచి మగవాళ్ల ప్రొఫెషనల్ టెన్నిస్‌ను నడిపే సంస్థ ఏటీపీ ఒక మంచి పని మొదలుపెట్టింది. ఆ మొదటి ఏడాది సింగిల్స్‌లో 101 నుంచి 175 ర్యాంకు దాకా ఏడాదికి లక్షా యాభై వేల డాలర్లు, 176 నుంచి 250 దాకా 75 వేలు పూచీ. సంపాదన అంతకన్నా తగ్గితే తేడా వాళ్లే కడతారు. సాకేత్ 137లో ఉన్ననాడు ఇది లేదు. 251వ వాడికి ఇవాళ్టికీ లేదు.

ఆ 251వ వాడికన్నా బాగా కిందున్నవాళ్లే నా బల్ల దగ్గరికి వచ్చేది. పొద్దున రెండు రాకెట్లు ఇచ్చి వెళతారు. గెలిచినవాడు ఎప్పుడు తయారవుతాయని అడుగుతాడు. ఓడినవాడు బ్యాగు భుజానేసుకుని వచ్చి, "అన్నా, రెండోదానికి ఇంకా గట్టింగ్ మొదలుపెట్టలేదు కదా?" అంటాడు.